ఎక్కడ ఆగారు? కొత్తవారి చేత సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు చదివించే పద్ధతి

మా నాన్న ఏలూరు పవర్‌పేటలో అద్దె పుస్తకాల దుకాణం నడిపేవారు. వారపత్రికకు రోజుకు పావలా, నవలకు అర్ధరూపాయి. పుస్తకం తిరిగి తెచ్చినవారిని ఆయన ఏనాడూ ‘ఎలా ఉందండీ?’ అని అడగలేదు. ‘ఎక్కడ ఆగారండీ?’ అని అడిగేవారు. బాగుంది అనే మాట మొహమాటానికి ఎవరైనా అంటారు. ఎక్కడ ఆగామో చెప్పడానికి మొహమాటం అడ్డురాదు. మూడో పేజీలో ఆగినవారికి ఒక రకం పుస్తకం, సగంలో ఆగినవారికి మరో రకం, చివరి ఇరవై పేజీల కోసం అన్నం వేళ దాటించినవారికి ఇంకో రకం ఇచ్చేవారు. ఆగిన పేజీ సంఖ్యను చిట్టాలో పేరు పక్కన పెన్సిల్‌తో రాసుకునేవారు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగిని. ఇంట్లో రెండు అల్మారాల నిండా ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు ఉన్నాయి. అద్దె లేదు, తిరిగి ఇస్తే చాలు. బంధువులు, తోటి ఉద్యోగులు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు తీసుకెళుతుంటారు. పన్నెండేళ్లుగా నాన్నలాగే నేనూ ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఈ సాహిత్యం ముఖం చూడనివారికి మొదటి పుస్తకం ఎలా అందించాలో అందులోంచే చెబుతాను.

మొదటి పేజీలో మా పిన్ని కొడుకు పేరు ఉంటుంది. అప్పట్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డిటెక్టివ్ నవల దొరికితే నిద్రపోయే రకం కాదు. నాకు ప్రాణమైన పుస్తకం కాబట్టి వాడికి ‘డ్యూన్’ ఇచ్చాను. 1965లో వచ్చిన మహా నవల అది. తెరిచిన వెంటనే కొత్త వంశాలు, కొత్త మతాలు, కొత్త పదవుల పేర్లు మీద పడతాయి. అర్థాలు చూసుకోవడానికి చివర్లో పదకోశం ఉంటుంది. నాలుగో రోజున తిరిగి తెచ్చాడు. 38వ పేజీలో బస్సు టికెట్ ఉంది. ‘నాకు ఇలాంటివి ఎక్కవు అక్కా’ అన్నాడు. ‘ఇలాంటివి’ అన్న ఆ ఒక్క మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఒక్క పుస్తకం తప్పు ఇచ్చినందుకు రెండు అల్మారాలూ వాడికి మూసుకుపోయాయి.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వెనక పదకోశమో, ముందు వంశవృక్షమో ఉన్న నవలను తొలి పుస్తకంగా ఇవ్వను. పద్నాలుగు సంపుటాల గాథలో మొదటిదీ ఇవ్వను. కథ ఆ పుస్తకంలోనే పూర్తికావాలి.

తేలిక అంటే ఏమిటి

మన పెద్దలు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడుగా చెప్పారు. ద్రాక్షను నోట్లో వేసుకోవడమే, అరటిపండుకు తొక్క ఒలవాలి, కొబ్బరికాయను పీచు తీసి పగలగొట్టాలి. నవలలకూ ఇది చక్కగా సరిపోతుంది. అయితే చాలామంది పేజీలు లెక్కపెట్టి, సన్నగా ఉన్న పుస్తకమే ద్రాక్ష అనుకుంటారు. 1895 నాటి ‘ద టైమ్ మెషీన్’ చాలా చిన్నది. దాని వాక్యాలు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు వాక్యాలు. ఇంగ్లిష్‌ను బడిలో నేర్చుకున్న మనలాంటివారికి అది కొబ్బరికాయే. ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ దాదాపు 480 పేజీలు ఉంటుంది, రెండు సెలవు రోజుల్లో అయిపోతుంది.

నేను చూసేవి వేరు. కథంతా ఒక మనిషి వెంటే నడుస్తోందా? మొదటి పది పేజీల్లో ఆ మనిషికి ఏదైనా చిక్కు వచ్చిందా? కొత్త మాట ఎదురైనప్పుడు దాని పని చూస్తే అర్థం తెలుస్తోందా? పుస్తకం మూయడానికి వీలుగా అధ్యాయాలు ఉన్నాయా? చివరిదాన్ని చిన్న సంగతిగా కొట్టిపారేయకండి. మెట్రోలో ఇరవై నిమిషాలు చదివేవారికి అధ్యాయం చివర దిగే స్టేషన్‌తో సమానం.

ఇక చదివేవారిని ఏం అడగాలి? ఎలాంటి పుస్తకాలు ఇష్టం అని అడిగితే సమాధానం రాదు. చివరిసారి ఇష్టంగా పూర్తిచేసినది ఏమిటో అడగండి. పుస్తకమే కానక్కర లేదు. సినిమా, టీవీ సీరియల్, చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథ, ఏదైనా సరే. తర్వాత ఎప్పుడు, ఎక్కడ చదువుతారో అడగండి. ఏది చదివితే చిరాకో కూడా తెలుసుకోండి. రక్తపాతం పడనివారు, పిల్లలకు కష్టం వస్తే చదవలేనివారు ఎందరో ఉంటారు. మా పిన్ని కొడుకును ఈ మూడింటిలో ఏ ఒక్కటి అడిగినా నేను ‘డ్యూన్’ ఇచ్చేదాన్ని కాదు.

పెదనాన్న, బంగాళాదుంపలు

మా పెదనాన్న వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చింతలపూడి దగ్గర కొద్దిగా పొలం ఉంది. రోజూ ఇంగ్లిష్ పేపరు చదువుతారు, నవల ముట్టరు. కట్టుకథలకు టైము లేదంటారు. ఒక వేసవిలో ఆయనకు ‘ద మార్షియన్’ ఇచ్చాను. సైన్స్ ఫిక్షన్ అన్న మాట నా నోటి వెంట రాలేదు. ఇలా చెప్పాను: ‘ఒక మనిషి ఒంటరిగా చిక్కుకుపోయాడు పెదనాన్నా. దగ్గర పన్నెండు బంగాళాదుంపలు ఉన్నాయి. మట్టి ఉంది కానీ అందులో ప్రాణం లేదు. నీళ్లు చాలవు. పంట తీయాలి.’

ఆయన కళ్లజోడు సర్దుకుని, ‘మట్టిలో ప్రాణం లేకపోతే ఎలా పండిస్తాడు?’ అని అడిగారు. పుస్తకం చేతిలో పెట్టాను.

పుస్తకం పరిచయం చేసేటప్పుడు ఆ కథాలోకం ఎలాంటిదో వర్ణించవద్దు. కథానాయకుడికి వచ్చిన చిక్కు చెప్పండి, అదీ వినేవారి వృత్తికో జీవితానికో దగ్గరగా ఉన్న చిక్కు. అంతరిక్ష నౌకలంటే మా పెదనాన్నకు ఏమీ లేదు. మట్టి అంటే మాత్రం నలభై ఏళ్ల అనుబంధం.

ఈ నవల కథ కూడా ముచ్చటైనది. రచయిత ఆండీ వీర్ మొదట దీన్ని తన సొంత వెబ్‌సైట్‌లో భాగాలుగా పెట్టాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చువేసింది, మరుసటి ఏడాదే సినిమా వచ్చింది. ఎక్కువ భాగం డైరీలా సాగుతుంది కాబట్టి వాక్యాలు చిన్నవి, మాట్లాడినట్లు ఉంటాయి. ఇచ్చేముందు రెండు విషయాలు చెప్పాలి. ప్రతి డైరీ భాగం పైన ‘సోల్’ అని ఒక అంకె ఉంటుంది. సోల్ అంటే అంగారకుడి మీద ఒక రోజు, మన రోజు కన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ. రెండోది, మొదటి వాక్యంలోనే ఒక బూతు మాట ఉంది. పెద్దలకు ముందే చెప్పి ఇవ్వాలి, పదేళ్ల పిల్లలకు ఇవ్వకూడదు.

పెదనాన్న ఐదో రోజున ఫోను చేశారు. భూమి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టిని అంగారకుడి మట్టిలో కలిపి, మనుషుల మలాన్ని ఎరువుగా వేసి, సూక్ష్మజీవులు పాకేదాకా కాచుకునే ఘట్టం చదివారట. ‘పాలు తోడుపెట్టినట్లే మట్టిని తోడుపెట్టాడమ్మా’ అన్నారు. ఆ ఘట్టాన్ని అంత బాగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు చివరి అట్ట లోపల పెన్సిల్ లెక్కలు ఉన్నాయి. ఎన్ని దుంపలు, ఎన్ని మొలకలు, ఎంత నేల. నేను చెరపలేదు.

తర్వాత ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ ఇచ్చాను. రచయిత అతనే, 2021లో వచ్చింది. ఒక బడిపంతులు అంతరిక్ష నౌకలో కళ్లు తెరుస్తాడు, తన పేరు కూడా తనకు గుర్తుండదు. ఈ పుస్తకం గురించి అంతవరకే చెప్పాలి. నడుమ జరిగేదాన్ని ముందే చెప్పేస్తే చదివేవారి నోటి ముందు కూడు తీసేసినట్లే. వెనక అట్ట కూడా చదవవద్దని చెప్పి ఇస్తాను.

యముడి దగ్గర పనికి కుదిరిన కుర్రాడు

నవ్వించే పుస్తకం కావాలన్నవారికి టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలు ఇవ్వవచ్చు. అవి 41. ఆ సంఖ్య చూసి బెదిరిపోతారు. ఎక్కువమంది 1983లో వచ్చిన మొదటిదానితో మొదలుపెట్టి అక్కడే ఆగుతారు. అది రచయిత ఇంకా చేయి తిప్పుకుంటున్న రోజుల్లోది. వరస ముఖ్యం కాదు, ఆ మొదటిది తప్ప దాదాపు ఏ నవల కథ ఆ నవలలోనే ముగుస్తుంది. మనవారికి నేను 1987 నాటి ‘మోర్ట్’ ఇస్తాను.

కూలికి పిల్లలను కుదుర్చుకునే సంతలో మోర్ట్ అనే పల్లెటూరి కుర్రాడిని ఎవరూ తీసుకోరు. అర్ధరాత్రి వేళ తెల్ల గుర్రం మీద మృత్యువు వచ్చి, తన దగ్గర పని నేర్చుకొమ్మని తీసుకుపోతుంది. మృత్యువు ఇంట్లో ప్రతి మనిషికీ ఒక ఇసుక గడియారం ఉంటుంది, తనంతట తానే రాసుకునే ఒక జీవిత గ్రంథమూ ఉంటుంది. పని కుర్రాడికి అప్పగించి, ఆనందం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మృత్యువు వెళ్లి ఒక హోటల్లో వంటపనికి కుదురుతుంది. ఇతర దేశాల పాఠకులకు దీన్ని వివరించాలేమో గాని, మనకేం అవసరం! 1977లో ‘యమగోల’, 1994లో ‘యమలీల’ చూసిన జాతి మనది. చిత్రగుప్తుడి చిట్టాలో తప్పు పడితే ఎంత గందరగోళమో మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. పైగా ఆ లోకం ఒక పళ్లెంలా ఉంటుంది. పళ్లెం నాలుగు ఏనుగుల మీద, ఏనుగులు ఒక మహా తాబేలు మీద నిలుచుంటాయి. కూర్మమూ దిగ్గజాలూ మనకు పాత పరిచయాలే.

ముందే చెప్పవలసిన ఇబ్బందులూ ఉన్నాయి. ఈ నవలలో అధ్యాయాలు లేవు, కాబట్టి మెట్రో పాఠకులకు ఇవ్వను, ఆదివారం మంచం మీద చదివేవారికి ఇస్తాను. మృత్యువు మాటలన్నీ కొటేషన్ గుర్తులు లేకుండా పెద్ద అక్షరాల్లో ఉంటాయి, అచ్చుతప్పు కాదు. పేజీ అడుగున సూచికలు వస్తాయి, హాస్యంలో సగం వాటిలోనే ఉంటుంది, దాటేయవద్దు. మాటల చమత్కారం కొన్నిచోట్ల ఇంగ్లిష్ పలుకుబడి మీద ఆధారపడుతుంది. నాలుగింట ఒకటి అర్థం కాకపోయినా మిగిలిన మూడూ చాలు.

పొడుపు కథల గుహ

‘ద హాబిట్’ 1937 నాటిది. చందమామ సీరియళ్లు చదివి పెరిగినవారికి ఇంతకన్నా దగ్గరి పుస్తకం లేదు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ చదివి, వచ్చే నెల సంచిక కోసం గుమ్మంలో కూర్చున్నవారు ఈ లోయలనూ గుహలనూ ఇట్టే గుర్తుపడతారు. కథానాయకుడు బిల్బోకు దాదాపు యాభై ఏళ్లు. ఇల్లు, వేళకు తిండి తప్ప ఏమీ కోరనివాడు. అందుకే దీన్ని పిల్లలకే కాదు, యాభై దాటినవారికీ ఇస్తాను.

మొదటి అధ్యాయంలో పదమూడు మంది మరుగుజ్జులు వరసగా ఇంట్లోకి వస్తారు. అందరి పేర్లూ గుర్తుపెట్టుకోవాలనుకుని ఎందరో అక్కడే ఆగారని నా నోటుపుస్తకం చెబుతోంది. అందుకే ముందే చెబుతాను: థోరిన్ పేరు గుర్తుంటే చాలు, మిగిలినవి వాటంతటవే వస్తాయి. పాటలు విసుగు అనిపిస్తే దాటేయవచ్చు. ఐదో అధ్యాయం దాకా ఓపిక పట్టండి.

ఆ ఐదో అధ్యాయంలో చీకటి గుహలో బిల్బోకు, గొల్లమ్ అనే జీవికి పొడుపు కథల పోటీ. ఓడితే ప్రాణం పోతుంది. మా పై అంతస్తులో ఉండే ఏడో తరగతి అమ్మాయి దీన్ని వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చుని చదివింది. తాళం, మూత లేని పెట్టెలో బంగారం దాగి ఉందనే పొడుపును తెలుగులో చెప్పగానే ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ‘గుడ్డు’ అన్నారు. గొల్లమ్‌కు అంత తొందరగా తట్టలేదు మరి! ఆ తర్వాత ఆవిడే ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు’ అని అడిగారు. కంటిరెప్పలని ఆ అమ్మాయికి తెలియలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి పుస్తకానికి గడువు అడగడానికి మా ఇంటికి వచ్చారు, ఎందుకంటే నేను ఆదివారానికి తిరిగి ఇమ్మన్నాను. ఇంకో పదిహేను రోజులు ఉంచుకోమన్నాను.

‘హాబిట్’ నచ్చిందని వెంటనే ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చేతిలో పెట్టకండి. అది అదే లోకం గాని అదే నడక కాదు. మధ్యలో ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ ఇవ్వండి. 1986లో డయానా విన్ జోన్స్ రాశారు. మన కథల్లో రాజుగారి ఏడుగురు కొడుకుల్లో చిన్నవాడికే అదృష్టం పట్టినట్లు, ఆ లోకంలో కూడా పెద్దబిడ్డకు ఏదీ కలిసిరాదు. టోపీల దుకాణంలో కూర్చున్న పెద్దమ్మాయి సోఫీ మంత్రగత్తె శాపంతో ముసలమ్మ అవుతుంది. ముసలితనంతో పాటు అంతవరకు లేని నోరూ ధైర్యమూ వస్తాయి. ఇంట్లో పెద్దకూతుళ్లుగా పెరిగినవారు ఈ పుస్తకాన్ని తిరిగి ఇవ్వడానికి ఆలస్యం చేస్తారు. నేనూ పెద్దకూతురినే, అందుకే తొందరపెట్టను.

ఒంట్లో ఓపిక లేనివారికి, రాత్రి డ్యూటీల వారికి ‘ఎ సామ్ ఫర్ ద వైల్డ్-బిల్ట్’ మంచిది. 160 పేజీలు దాటదు. ఊరూరా తిరుగుతూ జనం బాధలు విని టీ కాచి ఇచ్చే సన్యాసి ఒకరు అడవిలో ఒక రోబోను కలుస్తారు. యుద్ధం లేదు, దుష్టుడు లేడు. ఆ సన్యాసిని పుస్తకమంతా ఇంగ్లిష్‌లో ‘దే’ అంటారు. ఒక్కరే గాని చాలామంది కాదని ముందే చెప్పండి. చెప్పకపోతే మొదటి ఐదు పేజీలు ఎంతమంది ఉన్నారో తెలియక తికమక పడతారు.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు రోషనీ చోక్షి రాసిన ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ ఇవ్వండి. అట్లాంటాలోని మ్యూజియంలో పన్నెండేళ్ల ఆరూ గొప్ప కోసం వెలిగించకూడని దీపం వెలిగిస్తుంది. పాండవుల ఆత్మలు ఈ కాలపు ఆడపిల్లల్లో మేలుకుంటాయి. మొత్తం ఐదు పుస్తకాలు. భారతం తెలిసిన తాతయ్యలకు పక్కనే కూర్చుని తగువు పెట్టుకోవడానికి బోలెడన్ని చోట్లు దొరుకుతాయి, అది మంచిదే.

తిరిగి వచ్చినప్పుడు

ఒకసారి ఒకే పుస్తకం ఇవ్వండి. మూడు ఇస్తే మూడూ బల్ల మీద దుమ్ము పట్టడం చూశాను. ఇచ్చేముందు మొదటి పేజీ మీరే పైకి చదవండి, రెండు నిమిషాలు పడుతుంది. వారం దాకా ఆ ఊసెత్తవద్దు. ముప్పై పేజీల్లో పట్టు దొరకకపోతే ఆపేయమని మీరే చెప్పండి. ఆపితే మనకు కోపం వస్తుందనుకుంటే వారు పుస్తకంతో పాటు మనల్నీ తప్పించుకుని తిరుగుతారు.

తిరిగి తెచ్చినప్పుడు నాన్న ప్రశ్నే అడగండి. పది పేజీల్లో ఆగితే పేర్లో, వాక్యాలో అడ్డుపడ్డాయి. ఈసారి ‘నేను’ అంటూ కథ చెప్పే పుస్తకమో, పిల్లల కోసం రాసినదో ఇవ్వండి. మూడో వంతులో ఆగితే సాధారణంగా అక్కడ ప్రయాణమో వర్ణనో సాగుతూ ఉంటుంది. సన్నటి పుస్తకం ఇవ్వండి. అధ్యాయం మధ్యలో ఆగితే తప్పు పుస్తకానిది కాదు, ఆ వారం వారికి తీరిక లేదు. అదే పుస్తకాన్ని మళ్లీ పంపండి. చివరి యాభై పేజీలు మిగిల్చి ఇంకా తిరిగి ఇవ్వనివారు కొందరు ఉంటారు. వారిని కదిలించకండి, అయిపోతుందని దాచుకుంటున్నారు.

మా పిన్ని కొడుకు పోయిన సంక్రాంతికి వచ్చాడు. ‘డ్యూన్’ ఇచ్చి చాలా ఏళ్లయింది. భోజనాల తర్వాత అల్మారా ముందు నిలబడి, ‘హత్య ఎవరు చేశారో కనిపెట్టేది ఏదైనా ఉందా అక్కా?’ అని వాడే అడిగాడు. మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ తీశాను. 2017 నాటిది, 150 పేజీలు. కొత్త గ్రహం మీద పరిశోధకుల బృందానికి కాపలా ఉన్న యంత్రమనిషి కథ చెబుతుంది. తనను అదుపుచేసే పరికరాన్ని రహస్యంగా పనిచేయకుండా చేసి, దొరికిన తీరికంతా సీరియళ్లు చూడడానికి వాడుకుంటుంది, వేల గంటలు. ఈలోగా ఆ గ్రహం గురించి ఇచ్చిన సమాచారంలో కొన్ని ప్రమాదాలను ఎవరో కావాలని తీసేశారని తెలుస్తుంది. ఎవరు, ఎందుకు? వాడికి ఇంతే చెప్పాను.

బస్సు ఏలూరు దాటకముందే ఫోను వచ్చింది. ‘రెండో భాగం ఉందా?’ అన్నాడు. ఎక్కడ ఆగావురా అన్నాను. అయిపోయిందన్నాడు. ‘ఆర్టిఫిషియల్ కండిషన్’ మర్నాడు కొరియర్‌లో పంపాను. నోటుపుస్తకం మొదటి పేజీలో, 38 అన్న అంకె కింద, తేదీ వేసి ఆ పుస్తకం పేరు రాశాను.